ఉప్పలపాటి చెరువు చుట్టాలు

గుంటూరు అనగానే దేశమంతటికీ గుర్తు వచ్చేది మిరపకాయ. వేసవిలో మిరప యార్డు దరిదాపులకు వెళ్లినవాడెవడూ తుమ్మకుండా తిరిగి రాడు. నల్లరేగడి, ప్రత్తి, పొగాకు, గోంగూర - ఇంతకు మించి మీ సీమలో చూడదగ్గది ఏముందండీ అని పై జిల్లాల మిత్రులు నన్ను ఎత్తిపొడుస్తూ ఉంటారు. వారికి నా జవాబు ఒకటే: "ఒక్క ఆదివారం తెల్లవారేసరికి ఉప్పలపాడు రండి."

గుంటూరునుంచి పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. పెదకాకాని మండలంలో చిన్న పల్లెటూరు. అన్ని ఊళ్లకు మల్లేనే దానికీ ఒక చెరువు. నీళ్ల నడుమ మట్టిదిబ్బలు, వాటిమీద తుమ్మచెట్లు. అంతే! కాని ఆ చెట్లకు ఆకులకంటె పక్షులే ఎక్కువగా కనబడతాయి. ముక్కు కింద సంచీ వేలాడేసుకొని, బజారు చేయడానికి బయలుదేరిన పెద్దమనిషిలా గంభీరంగా కూర్చునేది గూడబాతు. తోకదగ్గర గులాబిరంగు వసంతం చల్లించుకున్నట్లుండేది ఎర్రకాళ్ల కొంగ. నత్తగుళ్ల కొంగ ముక్కుకు నడుమ అడకత్తెరకు మల్లే సందు ఉంటుంది. నత్తను పట్టడానికే ఆ ఏర్పాటు. ఇవిగాక తెల్లకంకణాలు, నీటికాకులు. పొద్దుగూకే వేళ ఇవన్నీ ఇల్లు చేరుతూంటే, రాత్రి కొంగలు అప్పుడే రెక్కలు దులుపుకొని పనిలోకి బయలుదేరతాయి.

హైదరాబాదులో పక్షి ప్రియుల సంఘం 1980లోనే వెలిసింది. మా ఊళ్లో మేము నలుగురం చేరి చేసే పని అంతటిది కాదు. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక బ్యాంకు ఉద్యోగి, నేను, మా వెంట కొందరు విద్యార్థులు. పుస్తకంలో హంసనూ చక్రవాకాన్నీ రోజూ పలకరించే పిల్లలకు, చక్రవాకం నిజంగా శీతకాలంలో మన దేశానికి వచ్చే బాతేనని తెలిస్తే ఎంత సంబరమో చూడాలి! 1987నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల లెక్కింపు జరుగుతూంది. ఆ పద్ధతినే మేమూ పాటిస్తాం. చెట్లను వంతులు వేసుకొని, ఒక్కొక్క చెట్టును ఇద్దరిద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఆ పైన అంకెలు సరిచూసుకుంటాం. గూళ్ల లెక్క వేరు. వచ్చి పోయే పక్షులు ఎన్ని ఉన్నా, పిల్లలు ఎదుగుతున్నవా లేదా అన్నదే అసలు సంగతి.

ఒకసారి గట్టుమీద ఒక పెద్దాయనను అడిగాను: "బాబాయిగారూ, ఇవి చెరువులో చేపలన్నీ తినేస్తే మీకు నష్టం కాదుటండీ?"

ఆయన నవ్వాడు. "మేతకు ఎక్కడెక్కడికో పోతాయి మాస్టారూ. ఇక్కడికొచ్చేది పడుకోడానికీ, పిల్లల్ని పెట్టుకోడానికీ. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లను తిండిలెక్క అడుగుతామాండీ?"

ఆ మాట విలువ తెలియాలంటే కొల్లేటి కథ తెలియాలి. 1946లో కె. కె. నీలకంఠన్ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతుల మహానివాసాన్ని కనుగొన్నాడు. కేరళీయులు ఆయనను ఇందుచూడన్ అన్న కలంపేరుతో ఎరుగుదురు. అంతటి నివాసమూ 1970ల నడుమకు పాడుపడిపోయింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపలచెరువుల గట్లు కొట్టించారు. ఇప్పుడు ఆటపాక దగ్గర మనుషులు కట్టిన మంచెలమీద అవి మళ్లీ గూళ్లు పెడుతున్నాయి. అంత పెద్ద సరస్సు నిలుపుకోలేని చుట్టాన్ని ఇంత చిన్న చెరువు ఎలా నిలుపుకుంది? చుట్టూ నీళ్లుండటంచేత కుక్కా పిల్లీ చెట్టెక్కలేవు. ఊరివారు రాయి విసరరు, విసరనివ్వరు. రెట్టకు చెట్లు మాడిపోతూంటే అటవీశాఖవారు ఇనుప కొమ్మల మంచెలు నిలబెట్టారు.

అయితే చెరువు వీటికి పడకటిల్లు మాత్రమే. వంటిల్లు చుట్టూరా ఉన్న కాలువలూ, వరిమళ్లూ, గుంటలూను. మన ప్రత్తి మిరప చేలల్లో చల్లిన మందు వానకు కొట్టుకుపోయి చేరేదీ అక్కడికే. అమెరికాలో లూసియానా రాష్ట్రానికి గోధుమరంగు గూడబాతే రాష్ట్రపక్షి. పురుగుమందులు చేపలగుండా దాని ఒంట్లో చేరి, 1960ల తొలినాళ్లకే ఆ రాష్ట్రంలో ఒక్క గూడూ లేకుండా పోయింది. డి.డి.టి. తిన్న పక్షి పెట్టే గుడ్డుకు పెంకు పలచబడి, తల్లి పొదగబోతే చితికిపోయేది. 1972లో ఆ మందును నిషేధించారు. బయటనుంచి పక్షులను తెచ్చి పెంచుకున్నారు. 2009లోగాని ఆ పక్షి పేరు ఆపదలో ఉన్నవాటి జాబితానుంచి తొలగలేదు.

మన రైతుకు ఈ పాఠం ఇంకా ఖరీదుగా వచ్చింది. మందు పెరిగినకొద్దీ తెల్లదోమ పెరిగింది. శనగపచ్చ పురుగు మందుకు లొంగడం మానింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిరైతులు కొందరు అప్పులు తీర్చే దారిలేక ప్రాణాలు తీసుకున్నారు. పురుగును చంపని మందే మనిషిని చంపింది. ఆ తర్వాత వ్యవసాయాధికారులు చేలో పక్షిస్థావరాలు నాటమని చెప్పసాగారు. పెద్ద యంత్రమేమీ కాదు, నిలువుకర్రకు అడ్డంగా మరొక కర్ర. దానిమీద ఏట్రింత వాలుతుంది, పాలపిట్ట వాలుతుంది. కిందికి ఉరికి పురుగును పట్టి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కూలి అడగదు. అందుకే లెక్కింపు ముగిశాక మేము నేరుగా ఇంటికి రాము. దారిలో చేలగట్లవెంట నడిచి, ఏ చేలో కర్రలు నాటారో, ఏ కర్రమీద ఏ పిట్ట వాలిందో కూడా రాసుకుంటాం.

వెళ్లదలచినవారికి అక్టోబరునుంచి మార్చి వరకు మంచి రోజులు. పొద్దుపొడుపుకు ముందే చేరుకోండి. కేకలు వద్దు, గూళ్ల దగ్గరకు పోవద్దు, నీళ్లలో ఏమీ పారవేయవద్దు. దూరదర్శిని ఉంటే మంచిదే, లేకపోయినా పక్షులు కనబడకపోవు. తిరుగుదారిలో ప్రత్తిచేను దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఈ సంవత్సరం మందు ఎన్నిసార్లు కొట్టారండీ అని రైతును అడగండి. ఉప్పలపాటి చుట్టాలు ఎంతకాలం వస్తూ ఉంటారో ఆ జవాబును బట్టి కొంత అంచనా వేసుకోవచ్చు.