కల్లులోని ఈస్టు, దాని లోపలి రవాణా

బర్కిలీ, కాలిఫోర్నియా

పెద్దనాయినా,

ఇక్కడి వింతలు రాయమన్నవు. వంతెనలు, సముద్రం సంగతి ఫోన్ల చెప్పిన. ఇయ్యాల మన కల్లు సంగతే రాస్తున్న. దాన్ని పొంగించే ఈస్టు మీద ఈ ఊరి యూనివర్సిటీల పని చేసినందుకే ర్యాండీ షెక్‌మన్‌కు 2013ల నోబెల్ వచ్చింది.

నువ్వు మోకు, ముస్తాదుతోని చెట్టెక్కి, గెల గీసి లొట్టి కడితే దిగేది తియ్యటి నీరు. ఆ తీపి ఎక్కువ మటుకు మనం చాయల వేసుకునే చక్కెరే. నల్లగొండ తాటికల్లయినా, పాలమూరు ఈతకల్లయినా, ఈస్టు ఆ చక్కెరను చాలా మటుకు అట్లనే మింగదు. ఇన్వర్టేజ్ అనే ప్రొటీన్‌ను తన పొర దాటించి, బయటనే చక్కెరను రెండు ముక్కలు చేయించి లోపలికి తీసుకుంటది. నురగ, మత్తు ఆ తర్వాతనే. మరి లోపల తయారైన ఇన్వర్టేజ్ బయటికి ఎట్ల వస్తది?

షెక్‌మన్, ఆయన శిష్యుడు పీటర్ నోవిక్ పట్టుకున్నది ఇదే ప్రశ్న. 24 డిగ్రీల దగ్గర మంచిగ పెరిగి, 37 డిగ్రీలకు రవాణా ఆగిపోయే ఈస్టులను వెతికిన్రు. మన ఎండకాలానికి 37 ఓ లెక్క కాదు గని, ఆ ఈస్టులకు అదే గండం. సరుకు బయటికి పోక ఇన్వర్టేజ్ లోపలనే పేరుకుంటది, కణం సైజుకు మించి బరువెక్కుతది. ఆ బరువును పట్టుకొనే చెడిన కణాలను వేరు చేసిన్రు. 1980 నాటికి రవాణాకు కావలసిన జన్యువులు 23 తేలినయి.

ఈ రవాణాల నాకు అన్నిటికన్న అబ్బురమనిపించింది, సరుకు సంచికి తొడుగయ్యే కోటు ప్రొటీన్ల పని. కణం లోపల ప్రొటీన్లు తయారై మడతపడే పొర మీద ముందు సార్1 అనే ప్రొటీన్ కూర్చుంటది. అది సెక్23, సెక్24 జంటను పిలుస్తది. పోవలసిన సరుకు గుర్తులను చూసి ఏరేది సెక్24. పైనుంచి సెక్13, సెక్31 వెదురుబుట్ట అల్లినట్టు చుట్టుకుంటే, పొర ఉబ్బి చిన్న సంచై తెగిపోతది. మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడ ఉండదు ఆ సంచి. ఈ కోటుకు 1994ల కాప్‌2 అని పేరు పెట్టిన్రు.

కోటు ఉంటే సంచి గమ్యంల కలవలేదు, అది ఊడాలె. ఊడగొట్టే ఏర్పాటు కూడ కోటులనే ఉన్నది! సార్1 పని ఆగిపోయేటట్టు పురికొల్పేది ఆ సెక్23నే. కోటు రాలినంక సంచి గాల్జీ అనే తర్వాతి మజిలీల కలుస్తది. పొరపాటున వెంట వచ్చిన, మొదటి మజిలీలనే ఉండవలసిన ప్రొటీన్లను కాప్‌1 అనే ఇంకో కోటు వెనక్కు తెస్తది. ఇన్వర్టేజ్ ముందుకు సాగి పొర దాటుతది.

ఇది కల్లు వరకే ఆగేది కాదు. మనిషి కణాలల్ల కూడ ఇటువంటి ప్రొటీన్లే ఉన్నయి. సెక్23బి జన్యువు చెడితే పుట్టుకతోనే ఒక రకం రక్తహీనత వస్తదని 2009ల తేల్చిన్రు. ఈస్టుతోని ఇన్సులిన్ చేసే కంపెనీలు కూడ దాన్ని ఈ తోవనే బయటికి రప్పించుకుంటయి.

ఈ ఉత్తరం మన హైస్కూలు సైన్సు సారుకు చూపించు. లొట్టి అడుగు మడ్డి ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెడితే పిల్లలకు మొగ్గలేసిన ఈస్టు కనపడుతది. సంచులు మాత్రం కనపడయి, వాటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలె.