సమందర్ - అగ్నిలో బ్రతికే ప్రాణి

నేలమీద మృగములు, నీటిలో చేపలు, గాలిలో పక్షులు సంచరిస్తున్నవి. మరి నిప్పులో ఎవరున్నారు? ఈ ప్రశ్న నేటిది కాదు. మూడు భూతములకు ప్రాణులను ప్రసాదించిన సృష్టి నాలుగవదానిని శూన్యంగా ఎందుకు వదలివేస్తుందని పూర్వులు తలపోసినారు. ఆ తలపులో నుండి జన్మించిన వింత ప్రాణియే సమందర్.

మన ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ పేరు క్రొత్త కాదు. పారసీక, ఉర్దూ కవులు ప్రేమాగ్నిలో దగ్ధమవుతూ కూడ జీవించి ఉండే హృదయాన్ని సమందర్‌తో పోల్చినారు. మిర్జా గాలిబ్ (1797-1869) కూడ తన గజళ్లలో దీనిని పేర్కొన్నాడు. తెలుగు విభాగపు మిత్రులు మాత్రం ఈ మాట వినగానే సముద్రమనుకొంటారు. అదియు తప్పు కాదు. ఉర్దూలో సముద్రానికి, ఈ అగ్నిజీవికి ఒకే పేరు, ఒకే అక్షరక్రమం. మొదటిది మన సంస్కృత సముద్రశబ్దము నుండి వచ్చినది. రెండవది గ్రీకుల 'సాలమాండ్ర'కు దగ్గరి చుట్టము. పుట్టుకలో ఏ సంబంధమూ లేని రెండు పదములు ఒకే రూపు దాల్చి, ఒకటి నీటిని, మరొకటి నిప్పును సూచించడం భాషలో జరిగే చమత్కారము.

మేము ఈ పేరు మొదట విన్నది పుస్తకంలో కాదు, మా నానీ నోట. మా నానీది హైదరాబాదు పాతబస్తీలో లక్క గాజులు చేసే ఇల్లు. ఉదయం నుండి సాయంకాలం వరకు బొగ్గుల అంగీఠీ ముందు కూర్చుండి, లక్కను వేడికి మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, ఆరకముందే గుండ్రంగా వంచి, చివరలు అతికేవారు. వేడి తగ్గితే లక్క విరుగుతుంది, హెచ్చితే కారిపోతుంది. ఆ రెండింటి నడుమ ఉండే కొద్దిపాటి వ్యవధిలోనే వ్రేళ్లు పని ముగించవలెను. ఆమె వ్రేళ్ల కొనలు గట్టిపడి నున్నగా ఉండేవి. మేము ముట్టలేని వేడి ఆమెకు వేడిగానే తోచేది కాదు. అంగీఠీ చుట్టూ పిల్లలము చేరితే ఆమె సమందర్ కథ చెప్పేవారు.

"వేయి సంవత్సరములు ఆరకుండా మండిన నిప్పులో సమందర్ పుడుతుంది. నిప్పే దాని అన్నము, నిప్పే దాని ఊపిరి. బయటకు తీస్తే చలికి చచ్చిపోతుంది. దాని తోలుతో చేసిన రుమాలు మాసితే నీళ్లలో ఉతకరాదు, మంటలో వేయవలెను. మైల కాలిపోయి రుమాలు తెల్లగా మిగులుతుంది." ఇట్లా సాగేది ఆ కథ. "నానీ, మన అంగీఠీలో కూడ ఉన్నదా?" అని మేము వంగి చూస్తే, ఆమె నవ్వి, "మన నిప్పు రోజూ రాత్రికి ఆరిపోతుంది కదా బేటా, దానికి వేయి సంవత్సరములు ఎక్కడివి?" అనేవారు.

అగ్ని నుండి సృష్టి అనగానే కొందరికి జిన్నాతులు గుర్తుకు రావచ్చును. అది ఖుర్ఆన్ షరీఫ్‌లో చెప్పబడిన విషయము, విశ్వాసమునకు సంబంధించినది. నానీ ఆ రెండింటిని ఎన్నడూ కలుపలేదు. సమందర్ ఆమెకు పిల్లి వలె, పావురము వలె ఒక జంతువు మాత్రమే. కనుక జంతుశాస్త్రపు పరీక్షకు దానిని నిలబెట్టడంలో దోషము లేదు. దోషమల్లా మేము నిలబెట్టిన తీరులో ఉన్నది.

అప్పుడు మేము బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో చేరి కొద్ది నెలలయినది. సెలవులకు వెళ్లినాము. చిన్నపిల్లలకు నానీ అదే కథ చెప్పుచున్నారు. మేము మధ్యలో అందుకొని, "అదంతా అబద్ధం నానీ. నిప్పులో ఏ ప్రాణీ బ్రతుకలేదు. కోడిగ్రుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడినట్లు, ప్రతి ప్రాణి దేహములోని మాంసకృత్తులు వేడికి గడ్డకడతవి" అని పాఠము ఒప్పజెప్పినాము. పిల్లలు నవ్వినారు. నానీ కోపగించలేదు. "నీవు చదువుకొన్నావు, నీకే తెలియవలెను" అని, అంగీఠీలోని బొగ్గులను కదిపి పనిలో పడినారు. ఆ తరువాత ఆమె మా ఎదుట ఆ కథ చెప్పలేదు. మేము పట్టా పుచ్చుకొనకముందే ఆమె పరమపదించినారు.

మేము చెప్పినది తప్పు కాదు. నిప్పు అనేది నివసించడానికి ఒక చోటు కాదు, ప్రాణవాయువుతో పదార్థములు కలియునపుడు వెలువడే వేడి, వెలుగు. కట్టెను బూడిద చేసే మంట కండను మిగల్చదు. ఐరోపా అడవులలో సాలమాండర్ అనే ప్రాణి నిజముగనే కలదు. నల్లని దేహముపై పసుపుపచ్చ మచ్చలతో ఉండే ఉభయచరము, అనగా కప్ప జాతికి బంధువు. అది నిప్పుకు మిత్రుడు కాకపోగా, ఎండకే ఓర్వలేదు. చర్మము తడిగా ఉంటేనే దానికి బ్రతుకు. కనుక చెమ్మగల ఆకుల క్రింద, కుళ్లిన దుంగల తొర్రలలో దాగి ఉంటుంది. చలికాలములో అటువంటి దుంగను పొయ్యిలో వేసినప్పుడు, వేడి తగిలి అది బయటకు పరుగెత్తి ఉండవచ్చును. చూచినవారికి మంటలో నుండి పుట్టినట్లే తోచి ఉంటుంది. నిప్పుకు అందరికంటె ఎక్కువ భయపడే ప్రాణికే అగ్నివాసి అనే బిరుదు దక్కినది! దాని చర్మగ్రంథులు స్రవించే విషమునకు రసాయన శాస్త్రజ్ఞులు 'సమందరిన్' అని పేరు పెట్టినారు. మన దేశములో ఈ జాతి బంధువు డార్జిలింగు ప్రాంతపు కొండలలో ఉన్నది. దక్కనులో లేదు. నానీ దానిని ఎన్నడూ చూచి ఉండరు.

అయితే ఈ సందేహము మాతోనే పుట్టినదని గర్వపడినాము. తరువాత చదువగా ఆ గర్వము కరిగిపోయినది. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దిలో అరిస్టాటిల్, సాలమాండర్ నిప్పులో నడచి దానిని ఆర్పివేస్తుందని జనులు చెప్పుకొనే మాటను వ్రాసినాడు. క్రీస్తు శకము 1వ శతాబ్దిలో రోమను పండితుడు ప్లినీ దాని దేహము మంచువలె చల్లనిదని ఒకచోట వ్రాసి, మరియొకచోట, ఇది నిజమే అయితే రోమునగరము అగ్నిప్రమాదములకు దీనిని ఉపయోగించుకొని ఉండేది కదా అని ఆక్షేపించినాడు. అదే కాలపు వైద్యుడు డయొస్కొరిడీస్, అది కాలదనే మాట వట్టిదని తేల్చివేసినాడు. మేము నానీ ముందు ప్రదర్శించిన జ్ఞానము అప్పటికే పందొమ్మిది వందల సంవత్సరముల పాతది.

మరి మంటలో ఉతికే రుమాలు మాట ఏమి? మేము అబద్ధమని కొట్టివేసిన వాటిలో ఇదియు ఒకటి. కాని ప్లినీ, విందులలో వాడిన గుడ్డలను నిప్పులో వేసి శుభ్రపరచగా తాను చూచినట్లు వ్రాసినాడు. అరబ్బు దేశముల గ్రంథకర్తలు అటువంటి వస్త్రము సమందర్ ఈకలతోనో, చర్మముతోనో తయారవుతుందని నమ్మినారు. వారిలో కొందరు దీనిని పక్షి అన్నారు, కొందరు ఎలుక వంటిదన్నారు. 13వ శతాబ్దిలో మార్కోపోలో ఆ ముడి విప్పినాడు. సాలమాండర్ జంతువు కాదనియు, భూమిలో నుండి త్రవ్వి తీసి, దంచి, కడిగి, నూలువలె వడికే ఒక ఖనిజమనియు తెలిపినాడు. అదే రాతినార. మనము ఆస్బెస్టాస్ అనుచున్నాము. దీనికోసం వెనీసు నుండి వచ్చిన యాత్రికుని వెంట పోనక్కరలేదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతములోనే ఒకప్పుడు రాతినార గనులు సాగినవి. నిప్పు దానిని కాల్చలేదు గాని, దాని సన్నని పోగులు మనుష్యుని ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతకమైన వ్యాధులు కలిగిస్తవి. సమందర్ తోలుకు ఉన్న ఈ రెండవ గుణము కథలోనికి ఎక్కలేదు.

అనగా నానీ చెప్పిన రుమాలు ఉన్నది. ఎవరో ఒకరు కన్నులారా చూచినారు. చూచినది సత్యము, చెప్పుకొన్న కారణము మాత్రమే అసత్యము. ఆనాడు మేము "అబద్ధం" అనకుండా, "నానీ, ఆ రుమాలు సంగతి నీకు ఎవరు చెప్పినారు?" అని అడిగి ఉంటే, ఆ మాట ఏ ముఖముగా, ఎవరి నోట పాతబస్తీలోని అంగీఠీ వరకు వచ్చినదో కొంతయినా తెలిసేది.

ఇక వేడిలో బ్రతికే ప్రాణి మాట. 1977లో పసిఫిక్ మహాసముద్రములో గాలపగోస్ దీవుల సమీపమున, సముద్రపు అడుగున వేడినీటి ఊటలను, వాటి చుట్టూ జీవించే ప్రాణులను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అటువంటి ఊటలే మన హిందూ మహాసముద్రపు అడుగునా ఉన్నవి. అక్కడ లభించిన మెథానోపైరస్ అనే సూక్ష్మజీవి 122 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కూడ వృద్ధి చెందినదని 2008లో ప్రకటించినారు. మన ఇంటి నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది. సముద్రపు లోతులోని ఒత్తిడి వలన అక్కడి నీరు మరుగక అంత వేడిని భరిస్తుంది. ఈ జీవికి ప్రాణవాయువు అక్కరలేదు. ఊటలోని ఉదజని, బొగ్గుపులుసు వాయువులే దానికి ఆహారము. సుమారు 80 డిగ్రీలకు దిగువన అది పెరుగలేదు. మన చేయి ఉడికే వేడి దానికి చలి! "బయటకు తీస్తే చలికి చచ్చిపోతుంది" అన్న మాట మాకు అప్పుడు చెవులలో మ్రోగినది.

నానీ చెప్పినది విజ్ఞానశాస్త్రమని మేము అనడం లేదు. ఆ సూక్ష్మజీవి ఉన్నది వేడినీటిలో గాని మంటలో కాదు. కథకు, పరిశోధనకు భేదము ఉన్నది, ఉండవలెను కూడ. కాని మా తెలుగు కవులు సముద్రగర్భములో బడబాగ్ని ఉన్నదని తరతరములుగా చెప్పినారు. ఉర్దూ భాష సముద్రమును, అగ్నిజీవిని ఒకే పేరుతో పిలిచినది. వేడిలో బ్రతికే ప్రాణి చివరకు దొరికినది అంగీఠీలో కాదు, సముద్రములో. ఈ మూడింటిని ఒకచోట చేర్చి చూపినప్పుడు నానీ ముఖములో కనిపించి ఉండే సంతోషమును మేము నేడు ఊహించుకొనుట తప్ప చేయగలిగినది లేదు.

నేడు మేము తరగతి గదిలో జంతుశాస్త్రము బోధిస్తున్నాము. సాలమాండర్ పాఠము వచ్చినపుడు ఎవరో ఒక విద్యార్థి లేచి, "సార్, మా దాదీ ఇది నిప్పులో ఉంటుందని చెబుతుంది" అంటాడు. మిగిలినవారు నవ్వుతారు. మేము ఆ నవ్వును ఆపి, "దాదీ ఇంకా ఏమేమి చెప్పినారు? ఇంటికి వెళ్లి అడిగి వ్రాసికొని రండి" అంటున్నాము. పాఠము మారదు. పరీక్షలో నిప్పులో బ్రతుకుతుందని వ్రాస్తే మార్కులు పడవు. కాని ఇంటి పెద్దవారి మాటను తప్పని చెప్పుట వేరు, వారి నోరు మూయించుట వేరు. మొదటిది చదువు. రెండవది మేము చేసినది.

సమందర్ ఏమి తినేదో, ఏమి త్రాగేదో నానీ చెప్పినంతవరకు మాకు తెలుసు. దానికి పిల్లలు ఉండేవా, రెండు సమందర్లు ఒకే నిప్పులో ఉండగలవా, వేయి సంవత్సరముల నిప్పు ఆరిపోతే అది ఎక్కడికి పోతుంది అనే సంగతులు ఆమె ఇంకా చెప్పవలసి ఉండెను. నిఘంటువులలో ఒకటి రెండు పంక్తులు తప్ప దొరకవు.

మన కళాశాల వార్షిక సంచికను ఎడమ వైపు నుండి తెరిస్తే తెలుగు, కుడి వైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండును నడిమి పుటలో కలుస్తవి. ఆ నడిమి పుటను విద్యార్థులు తమ ఇండ్లలోని నానీలు, అమ్మమ్మలు, తాతలు చెప్పిన ఇటువంటి ప్రాణుల కథలకు కేటాయించవలెనని కళాశాల కమిటీవారిని సవినయంగా కోరుచున్నాము. వచ్చే సంవత్సరపు సంచిక వరకు ఆగవద్దని విద్యార్థులను కోరుచున్నాము. నానీ అన్నట్లు, మన ఇండ్లలోని నిప్పు రోజూ రాత్రికి ఆరిపోతుంది.