కలుపుతీత

మా అన్నయ్య ముప్పై ఏళ్ళు తెనాలిలో బోర్డులు రాశాడు. షాపుల బోర్డులు, ఆటోల వెనక పేర్లు, ఎన్నికలొస్తే గోడలు. ఆ ముప్పై ఏళ్ళూ వదిన ఏం చేసిందని మా బంధువుల్నెవర్నైనా అడిగితే 'ఇంట్లోనే ఉండేది' అంటారు. అన్నయ్య సుద్దముక్కతో అక్షరాల అంచులు గీసిస్తే లోపల రంగు నింపింది వదిన. రేకుకి ప్రైమరు కొట్టింది, ఆరాక ఉప్పుకాగితం పట్టింది, బ్రష్షులు కిరసనాయిల్లో కడిగింది. బోర్డు కింద మూలన సంతకం మాత్రం అన్నయ్యది. ఆర్టిస్టు ఆయన. వదిన ఆర్టిస్టు గారి భార్య.

భుజం నొప్పితో అన్నయ్య నిచ్చెన ఎక్కడం మానేశాక, 2023లో వదినా మా మేనకోడలూ షాపుని మెషీన్ల మీదికి మార్చాలనుకున్నారు. కొటేషన్లు చదవడానికి నన్ను తోడు రమ్మన్నారు. నేను కాలేజీలో స్త్రీల శ్రమ గురించి పాఠాలు చెప్పేదాన్ని. మెషీన్ కొటేషన్ కూడా ఆ పాఠంలో భాగమేనని వాళ్ళిద్దరితో తిరిగిన ఆ నాలుగు నెలల్లో అర్థమైంది.

ఎవర్నడిగినా ముందు చెప్పిన సలహా ఒకటే: పది అడుగుల ఫ్లెక్సీ మెషీన్ పెట్టండి. చదరపు అడుగు లెక్కన గంటకి ఎంత ప్రింటు తీస్తుందో, ఎన్నాళ్ళకి అప్పు తీరుతుందో వేళ్ళ మీద లెక్క చెప్పేవాళ్ళు. ఆ లెక్కలో కొన్ని సంగతులు లేవు. ఫ్లెక్సీ గుడ్డ పీవీసీ. దాని మీద పడేది సాల్వెంట్ ఇంకు. సైక్లోహెక్సనోన్ లాంటి ద్రావకాలుండే ఆ ఇంకు వాసన గదిలోనే ఆగదు, పక్క గదిలోకీ వస్తుంది. మా వాళ్ళ పక్క గది వంటిల్లు. మెషీన్ని నాలుగు రోజులు ఖాళీగా వదిలేస్తే హెడ్లలో ఇంకు ఎండి నాజిల్స్ మూసుకుపోతాయి కాబట్టి పని ఉన్నా లేకపోయినా రోజూ దాని బాగోగులు చూసుకోవాలి. చంటిపిల్లలాగా అనబోయి ఊరుకున్నాను, ఆ పోలిక ఆడవాళ్ళకే ఎందుకు తడుతుందా అని.

చట్టం సంగతి సరేసరి. 100 మైక్రాన్లకంటే పలచటి పీవీసీ బ్యానర్లని 2022 జూలై 1 నుంచి కేంద్రం నిషేధించింది. ఆ ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి రాష్ట్రంలో ఫ్లెక్సీలే ఉండవని ప్రకటించారు. నవంబరు 1 అన్న గడువు 2023 జనవరి 26కి జరిగింది. ఇలా నెలకో మాటగా ఉన్న సరుకు మీద ఐదేళ్ళ అప్పు ఎలా చేస్తామని నేనూ మేనకోడలూ వాదించుకున్నాం. వదిన కారణాలు వేరు. "ఫ్లెక్సీ వాళ్ళొచ్చేది రాత్రిళ్ళు. పుట్టినరోజైనా చావైనా తెల్లారేసరికి కట్టాలంటారు. పదకొండింటికి వాళ్ళకి నేను తలుపు తియ్యాలి. డబ్బులేమో ఎలక్షన్లయ్యాకంటారు" అంది. కాసేపాగి ఇంకో మాట కూడా అంది. "ఆ మెషీన్ పెడితే దానికో అబ్బాయి కావాలంటారు. అబ్బాయొచ్చాడంటే నేను మళ్ళీ పక్కన కూచుని ఐలెట్లు కొట్టుకోవాల్సిందే."

సింథియా కాక్‌బర్న్ 1983లో రాసిన 'బ్రదర్స్' పుస్తకం నాకు అప్పుడు గుర్తొచ్చింది. లండన్ పత్రికల్లో సీసపు అక్షరాల కంపోజింగు పోయి కంప్యూటర్ వచ్చిన కాలంలో అక్కడి మగ కంపోజిటర్లతో మాట్లాడి రాసిన పుస్తకం అది. కొత్త కీబోర్డు చూడటానికి టైపు మిషన్ లాగే ఉండటం వాళ్ళకి అవమానంగా తోచింది, ఆడవాళ్ళ పనిలోకి దిగజారామని. ఏది నైపుణ్యం, ఏది కాదు అన్నది పని కష్టాన్నిబట్టి కాక చేసేవాళ్ళెవరన్నదాన్నిబట్టి తేలుతుందని ఆమె చూపించింది. వదినకి ఇదంతా చెప్పాను. "పుస్తకం రాశారా దీని మీద?" అని నవ్వింది.

ఇక మిగిలింది కటింగ్ ప్లాటరు. మన ఊళ్ళలో దీని పనిని 'రేడియం కటింగ్' అంటారు. ఇప్పుడు ఆ స్టిక్కర్లలో రేడియం ఏమీ ఉండదు, పేరు మాత్రం అలా స్థిరపడింది. వెనక కాగితం, ముందు జిగురున్న పలచటి వినైల్. ప్లాటర్‌లోని సన్నటి బ్లేడు వినైల్‌ని కోస్తుంది, కింది కాగితాన్ని కోయకూడదు. అంతవరకే మెషీన్ పని. కోసిన షీటు మీద అక్షరాలు ఉన్నా కంటికి కనపడవు. చుట్టూ ఉన్న అనవసరమైన వినైల్‌నీ, అక్షరాల కడుపుల్లో మిగిలిన ముక్కల్నీ ట్వీజర్‌తో ఒక్కొక్కటీ తీసేస్తేనే అక్షరం బయటపడుతుంది. ఆపైన దాని మీద ట్రాన్స్‌ఫర్ టేపు పరిచి, కాగితం వలిచి, బోర్డుకి అతికించాలి. ఆ ముక్కలు తీసే పనిని ఇంగ్లీషులో వీడింగ్ అంటారు. అంటే కలుపుతీత. మన పొలాల్లో కలుపుతీత ఎవరి పనో, ఆ కూలి దుక్కి కూలికంటే ఎంత తక్కువో విడమర్చి చెప్పనక్కర్లేదు. వదిన వాళ్ళమ్మ ఆ పని చేసే నలుగురు పిల్లల్ని పెంచింది.

విజయవాడలో మేం వెళ్ళిన ఒక డీలరు ప్లాటరు పనితనం చూపించడానికి ఒక ఇంగ్లీషు మాట కోయించాడు. అన్నీ నిలువు గీతలూ అడ్డ గీతలూ ఉన్న పెద్ద అక్షరాలు. రెండు నిమిషాల్లో పొట్టు వలిచినట్టు వలిచేశాడు. వదిన చేతిసంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి "ఇది కొయ్యండి" అంది. అందులో ఉన్నది 'శ్రీ లక్ష్మీ వస్త్రాలయం', మూడడుగుల వెడల్పులో.

తెలుగు అక్షరం దగ్గరే మెషీన్ల అసలు రంగు బయటపడుతుంది. డీటీపీలో వాడే చాలా ఫాంట్లలో తలకట్టు వేరే ముక్క, గుడి వేరే ముక్క, ఒత్తు వేరే ముక్క. తెర మీద కలిసి కనిపిస్తాయి గానీ అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న గీతలు. ప్లాటరు ఆ గీతలన్నిటినీ కోసేస్తుంది. కోరల్‌డ్రాలో ముందే వెల్డ్ చేసుకోకపోతే 'క్ష్మీ' అక్షరంగా కాదు, ఐదారు ముక్కలుగా వస్తుంది. మేనకోడలు రాత్రంతా కూచుని అవన్నీ కలిపి తెచ్చింది. అయినా చవకరకం మెషీన్ మీద చిన్న ఒత్తుల దగ్గర బ్లేడు మొదలుపెట్టిన చోటికి సరిగ్గా తిరిగి రాలేదు. వెంట్రుకవాసి ఎడం మిగిలింది. ముక్క లాగగానే ఒత్తుతో సహా ఊడొచ్చింది. స్టెప్పర్ మోటారుకీ సర్వో మోటారుకీ తేడా నాకు తెలిసింది ఆ మ ఒత్తు వల్లే. సర్వో ఉన్నదాని ధర అప్పట్లో మాకు దాదాపు మూడింతలు చెప్పారు.

డీలరు మాత్రం చవకదే చాలన్నాడు. "ఊడినవి చేత్తో సర్దుకోవచ్చు మేడమ్. వీడింగ్‌కి ఆడపిల్లల్ని పెట్టుకోండి. వాళ్ళ వేళ్ళు సన్నం, ఓపికెక్కువ, నెలకి ఎంతిచ్చినా చేస్తారు" అన్నాడు. అతని మాటలో వెటకారం లేదు, మంచి వ్యాపార సలహానే ఇచ్చాననుకున్నాడు. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో సరిగ్గా ఈ 'చురుకైన వేళ్ళ' వాదం గురించే రాశారు. ఆడపిల్లలకి ఆ నేర్పు పుట్టుకతో రాదు, ఇంట్లో కుట్టూ అల్లికా నేర్పిన శిక్షణ అది, ఆ శిక్షణని ఎవరూ లెక్కలోకి తీసుకోరు కనకే జీతం తక్కువ అని. నలభై ఏళ్ళ తర్వాత విజయవాడలో ఆ వాదం మెషీన్ ధర తగ్గించే ఉపాయంగా మా ముందుకొచ్చింది. మెషీన్‌లో తగ్గిన ఖరీదు ఎవరి వేళ్ళలోంచి రావాలో అతనికి స్పష్టంగా తెలుసు.

వదిన ఇంటికొచ్చి గడియారం పెట్టుకుని లెక్క వేసింది. రెండు రకాల మెషీన్ల మీదా కోయించి తెచ్చిన షీట్లు ముందేసుకుంది. అవే మాటలు ఇంగ్లీషులో అయితే ముక్కలు తీయడానికి ఏడు నిమిషాలు. తెలుగులో సర్వో మెషీన్ షీటుకి ఇరవై రెండు. చవకదాని షీటుకి, ఊడిన ఒత్తుల్ని మళ్ళీ అతికించడంతో కలిపి, యాభై దాటింది. రోజుకి నాలుగు బోర్డులనుకుని, గంటకి తనకో రేటు వేసుకుని, ఆ తేడాని కొటేషన్ వెనక రాసింది. ఖరీదైన మెషీనే చవకని ఆ లెక్కలో తేలింది. తన గంటకి వదిన ధర కట్టడం నేను చూడటం అదే మొదలు. ఎంత వేసుకుందో చెప్పను గానీ, అన్నయ్య అది చూసి "అంతా?" అన్నాడు. "రంగు నింపినప్పుడు అడగలేదుగా" అంది వదిన.

బ్యాంకు ముచ్చట పెద్దగా చెప్పేందుకేం లేదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద పట్టణాల్లో జనరల్ కేటగిరీకి 15 శాతం సబ్సిడీ ఉంటే ఆడవాళ్ళకి 25 శాతం. వదిన పేరున దరఖాస్తు చూసిన అధికారి "నడిపేది సారే కదా" అని అన్నయ్య వైపు చూశాడు. పేరొకరిది, పెత్తనం ఇంకొకరిది అన్న ఏర్పాటు ఆయనకి బాగా అలవాటై ఉండాలి. మేనకోడలు బ్లేడు కోణాల గురించి చెప్పడం మొదలుపెట్టింది. మామూలు స్టిక్కరుకి 45 డిగ్రీలు, మందపాటి దానికీ సన్నటి పనికీ 60 అని. ఆయన ఆపమనేదాకా చెప్పింది.

ఇప్పుడు షాపులో 24 అంగుళాల సర్వో ప్లాటరు ఉంది. రంగుల ప్రింట్లు విజయవాడ నుంచి జాబ్ వర్కు మీద తెప్పిస్తారు. బిల్లులో స్టిక్కరుకో వరస, కలుపుతీతకో వరస. తెలుగు బోర్డుకి ఇంగ్లీషు బోర్డుకంటే ఎక్కువవుతుంది. "మన భాషకే ఎక్కువా?" అని కొందరు కోప్పడతారు. వదిన వాదించదు. అప్పుడే కోసిన షీటూ ట్వీజరూ వాళ్ళ ముందుకి జరుపుతుంది. ఇద్దరు అమ్మాయిలు పనికొస్తున్నారు. ముక్కలు తీయడంతో పాటు ఫైలు వెల్డ్ చేయడం, మెషీన్‌కి ఎక్కించడం కూడా నేర్చుకోవాలన్నది షరతు. ఒకమ్మాయి నేర్చుకుని, పెళ్ళి కుదిరి మానేసింది.

ప్రింటింగ్ మెషీన్ సంగతి ఇంకా తేలలేదు. 54 అంగుళాల ఎకో సాల్వెంట్ ప్రింటరు ఒకటి చూశారు, ప్రింటూ కటింగూ అదే చేస్తుంది. ఎకో అన్నంత మాత్రాన వాసన లేనిదేం కాదు. ప్రింటు తీసిన షీటుని ఒక రోజైనా గాలికి వదలకుండా లామినేషన్ వేయకూడదు. అంటే ఆ ఆవిరంతా గదిలోకే వస్తుంది. నీటి ఆధారం ఉన్న లేటెక్స్ ఇంకు మెషీన్ నయమే గానీ, ఇంకు ఆరడానికి దానికి వేడి కావాలి, కరెంటు లోడు పెంచుకోవాలి, ధర కూడా అందేది కాదు. రెండు కొటేషన్లూ వదిన దగ్గరే ఉన్నాయి. ఏది కొన్నా ముందు వంటిల్లు వెనక గదిలోకి మార్చి, షాపు గోడకి ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాలంటోంది. మేస్త్రీ వచ్చే వారం వస్తానన్నాడు.