వన్‌టౌనులో షట్టరు లేని కొలువులు

విజయవాడకు వచ్చు సోదరీమణులు సాధారణముగ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మవారిని సేవించి, కృష్ణలో కాళ్లు కడిగికొని, రైలెక్కి వెడలిపోవుదురు. కొండకును రైలుస్టేషనుకును నడుమనున్న పాతయూరిని నిదానముగ చూచువారు తక్కువ. దీనికే వన్‌టౌనని పేరు. కాళేశ్వరరావు మార్కెట్టు, వస్త్రలతలోని బట్టల యంగళ్లు, కిరాణా కొట్లు, రెండు బండ్లు ఎదురుపడినచో తప్పుకొనుటకు వీలులేని సందులు దీని సంపద. మార్కెట్టునకు పేరిచ్చిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు. టోకు వ్యాపారమున కొంతభాగము గొల్లపూడికి తరలిపోయినను ఈ వీథుల సందడి తగ్గలేదు.

ఈ బజారున నాకు నచ్చిన గుణమొకటి కలదు. ఇచట పని కంటికి కనబడును, చెవికి వినబడును. ఉదయము షట్టర్లు లేచును. ముఠా కూలీలు లారీనుండి బస్తాలు దింపుదురు, మేస్త్రి యొక్కొక్క బస్తాను లెక్కపెట్టును, లెక్కనుబట్టియే కూలి. రాత్రి షట్టరు జారిన చప్పుడు వినబడగానే గుమాస్తా యిల్లాలు అన్నము వడ్డించుటకు లేచును. మోత యెంతో, వేళ యెంతో అందఱకు తెలియును. మా యింటివారు ఉపాధ్యాయులు. వారి దినమునకును బడిగంట హద్దు.

ఇపుడీ షట్టర్లకు పైనున్న మేడగదులలో మఱియొక వృత్తి ప్రవేశించినది. 2020 మార్చిలో కరోనా కారణమున కార్యాలయములు మూతపడగా, హైదరాబాదు, బెంగుళూరులలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు అనేకులు ల్యాప్‌టాపులతో పుట్టిండ్లకు, అత్తిండ్లకు చేరిరి. పిదప కొందఱు తిరిగి వెళ్లిరి. కొందఱు ఇంటినుండియే పనిచేయుచున్నారు. మఱికొందఱు గన్నవరము చెంత కేసరపల్లిలోని మేధా టవర్సుకును, హెచ్.సి.ఎల్. ప్రాంగణమునకును పోయి వచ్చుచున్నారు.

వీరు చేయు పని యేమని కొందఱు సోదరీమణులు నన్నడిగిరి. అమెరికాలోని బ్యాంకులు, ఆసుపత్రులు, అంగళ్లు నేడు కంప్యూటర్లపై నడచుచున్నవి. ఆ యంత్రములకు ఆజ్ఞలు వ్రాయుటయు, అవి చెడినపుడు చక్కదిద్దుటయు వీరి పని. న్యూయార్కులో ఉదయము 9 గంటలగునప్పటికి మనకు వేసవిలో సాయంత్రము 6.30, చలికాలములో 7.30. శాన్‌ఫ్రాన్సిస్కో 9 గంటలు మనకు రాత్రి 9.30 లేక 10.30. మన భోజనపు వేళ వారికి మీటింగువేళ. లోకమునకు రాత్రియైనపుడు సంయమి మేల్కొనియుండునని గీత చెప్పినది. ఈ మేడగదులలోని జాగరణము అట్టిది గాదు. ఇది జీతమునకు అమ్ముకొన్న జాగరణము.

మా యెదురింటి కోడలు బెంగుళూరిలోని యొక పెద్ద కంపెనీలో ఇంజనీరు. తెల్లవారగనే బిడ్డను బడికి పంపి, వంట ముగించి, 11 గంటలకు లాగిన్ అగును. రాత్రి మీటింగు 11 దాటిన దినములు పెక్కు. మధ్యలో ఎవరైన వచ్చినచో “ఇంట్లోనే గదా, కాఫీ పెట్టమ్మా” యందురు. కొట్టులోని గుమాస్తా నెవరైన ఇట్లడుగుదురా? బస్తా కనబడును గనుక ముఠా కూలీని గౌరవింతుము. ఈమె మోత కనబడదు గనుక లెక్కపెట్టము.

ఈ కొలువులు తెచ్చిన మేలును కాదనను. వీనివలన ఋణములు తీరిన యిండ్లు, ఆడుబిడ్డల పేర వ్రాయబడిన యిండ్లు మా వీథిలోనే కలవు. కాని జీతము పెద్దదైనంత మాత్రమున దినమునకు 24 గంటలకంటె నెక్కువ రావు.

మన రాష్ట్రపు దుకాణములు, సంస్థల చట్టము 1988 నాటిది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు, వారమునకొక సెలవని అది విధించినది. 2025లో దినమునకు 10 గంటలవఱకు పెంచుచు సవరించినను, వారమునకు 48 అను కట్టు నిలిచియున్నది. ఐ.టి. కంపెనీలకు వేళల నిబంధనలనుండి ప్రభుత్వము మినహాయింపు లిచ్చుచు వచ్చినది. వానికిని షరతులు కలవు: 48 గంటలు మించినచో అదనపు వేతనము, వారపు సెలవు, రాత్రి పనిచేయు స్త్రీలకు రక్షణ. 2017 నాటి సవరణవలన మొదటి యిద్దఱు బిడ్డలకు 26 వారముల ప్రసూతి సెలవును, 50 మంది పనిచేయుచోట శిశుగృహమును హక్కులైనవి. వీనిని తెలిసికొని యడుగుట తప్పు గాదు.

యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు 2023 అక్టోబరులో పలికిరి. ఆరు దినములకు పంచినచో దినమునకు 11 గంటల 40 నిముషములు! అంతసేపు పనిచేయు పురుషునికి అన్నము వండునది భార్య. అంతసేపు పనిచేయు భార్యకు వండునదెవరు? వారమునకు 55 గంటలు గాని, అంతకు మించి గాని పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతపు ప్రమాదము 35 శాతము హెచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో ప్రకటించినవి.

కంపెనీలను మార్చుట మన చేతిలో లేదు. ఇండ్లను మార్చుట మన చేతిలోనిదే. సంబంధము చూచునపుడు జీతమెంతయని యడుగుదుము, షిఫ్టేదియని యడుగము, ఇకపై అడుగుదము. కోడలు ఏ వేళకు పని మొదలిడినది, ఏ వేళకు ముగించినది ఒక నెలపాటు క్యాలెండరుపై గుర్తింపుడు. ఆ లెక్క అత్తగారికిని, కుమారునికిని, అవసరమైనచో కంపెనీకిని చూపవచ్చును. రాత్రి మీటింగు గల దినమున వంట మఱియొకరి వంతు గావలెను. దసరాకు మా వీథివారు తక్కెడలతోపాటు ల్యాప్‌టాపులకును కుంకుమబొట్టు పెట్టుచున్నారు. పనిముట్టును పూజించు యింట పనిచేయు మనిషికి నిద్రయైన దక్కవలదా?