ఫాజిల్

మా కళాశాల ఉన్న కంచన్‌బాగ్ పేరే రెండు భాషల పొత్తు. కాంచనము సంస్కృతము, బాగ్ ఫారసీ. ఇటువంటి చోట తెలుగు బోధించే మాకు మాటల రాకపోకలను గమనించుట ఒక అలవాటైనది. వాటిలో ఒక పాత మాటను గూర్చి విద్యార్థులకు నాలుగు ముక్కలు చెప్పదలచినాము.

మా దాదాకు నల్లగొండ జిల్లాలో చిన్న కిరాణా దుకాణము ఉండేది. రాత్రి దుకాణము మూసేముందు గల్లాలోని సొమ్మును చిట్టాతో సరిచూచుకొనేవారు. తక్కువైతే తమ జేబు నుండి వేసేవారు. ఎక్కువైతే చిట్టా చివర 'ఫాజిల్' అని వ్రాసి, ఆ పైకమును వేరే డబ్బాలో ఉంచేవారు. "ఇది లాభం కాదు బేటా, ఎవరికో మనం చిల్లర తక్కువ ఇచ్చినాం" అనేవారు. ఆ మాటను మేము మొదట నేర్చినది ఆ డబ్బా దగ్గరనే.

ఫాజిల్ అనగా మిగులు, లెక్కకు మించినది. అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూ కచేరీల గుండా తెలుగు లెక్కలలోనికి వచ్చినది. దానితోపాటు వచ్చిన జమ, ఖర్చు, బాకీ, వసూలు నేటికీ మన నాలుకపై ఉన్నవి. ఫాజిల్ మాత్రము వెనుకబడినది. 1973 నాటి భూసంస్కరణల చట్టముతో 'మిగులు భూమి' అను మాట ఊరూరా వినబడినది. కార్యాలయాలలో 'సర్‌ప్లస్' స్థిరపడినది.

ఉర్దూలో ఈ మాటకు పండితుడను అర్థము కూడా ఉన్నది. జామియా నిజామియాలో మౌల్వీ, ఆలిమ్, ఫాజిల్, కామిల్ అని పట్టాల వరుస. మిగులుకూ పాండిత్యానికీ ఒకే మాట ఏల? ఫే, జ్వాద్, లామ్ అను అక్షరముల ఈ ధాతువునకు కొలతను మించుట అని భావము. విద్యలో మించినవాడు ఫాజిల్. అందరిలో మిన్న అఫ్జల్. ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా (పాలన 1857–1869) పేరనే అఫ్జల్‌గంజ్ వెలసినది. అయితే వ్యర్థమను అర్థమిచ్చే 'ఫుజూల్' కూడా ఈ ధాతువు బిడ్డయే. మించినది ఘనత కావచ్చును, వృథా కావచ్చును.

ఈ మాట ఒకసారి మా బ్రతుకులోనికీ వచ్చినది. మేము ముందు పనిచేసిన చోట తెలుగు తీసుకొనే విద్యార్థులు తగ్గగా, మా పోస్టు 'సర్‌ప్లస్' అని కాగితము ఇచ్చినారు. ఇంటిల్లిపాదీ దిగులుపడినాము. వృద్ధులైన దాదా ఆ కాగితము చదివించుకొని నవ్వినారు. "ఇదే ఉర్దూలో రాసి ఉంటే, నిన్ను పండితుడన్నారని ఊరంతా చెప్పుకొనేవాణ్ణి" అన్నారు. తర్వాత మెల్లగా, "గల్లాలో ఎక్కువైన పైసా చెడ్డ పైసా కాదు బేటా. దాని సొంతదారు ఇంకా రాలేదు, అంతే" అన్నారు.

ఆ సొంతదారులు మాకు కంచన్‌బాగ్‌లో దొరికినారు. ఇంట ఉర్దూ మాట్లాడే విద్యార్థులు కొందరు తరగతి ముగిసిన పిదప ఆగి, తమ ఇండ్లకు వచ్చిన తెలుగు నోటీసులు, దరఖాస్తులు తెచ్చి చదవడము నేర్చుకొంటున్నారు. అది పాఠ్యప్రణాళికలో లేదు. దానికి మార్కులూ లేవు. లెక్కకు అది ఫాజిలే.

విద్యార్థులారా! ఉత్తీర్ణతకు కావలసిన మార్కులు చిట్టాలోని జమ వంటివి, అవి తప్పనిసరి. అంతకు మించి నేర్చినది ఫాజిల్. 1891లో ఆసఫియా పేర మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము అఫ్జల్‌గంజ్‌లోనే ఉన్నది. అక్కడ గడిపిన ఒక సాయంత్రము ఏ పరీక్షలోనూ లెక్కకు రాకపోవచ్చును. దానిని ఫుజూల్ అనుకోవద్దు. మీరు మించి నేర్చినదానికీ ఎవరో ఒక సొంతదారు ఉంటారు. వారు వచ్చునంతవరకు దానిని డబ్బాలో భద్రముగా ఉంచండి. వచ్చిననాడు లెక్క చూడక ఇవ్వండి.