కొండదారి బండికి రెండో బ్యాటరీ

నర్సీపట్నం దాటి కొంత దూరం పోగానే మైదానం వెనుకబడుతుంది. రోడ్డు మలుపులు తిరుగుతూ కొండెక్కుతుంది. లంబసింగి చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటాము. డిసెంబరు, జనవరి మాసాలలో అక్కడ తెల్లవారుజామున పొగమంచులో ఎదుటి బండి కానరాదు. ఇంకా ముందుకు పోతే చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో ముట్టడించిన పోలీసు స్టేషను ఈ ఊరిదే. 2022లో ఆయన పేరిట ఏర్పడిన జిల్లాకు పాడేరు కేంద్రమైంది. చింతపల్లి నుండి పాడేరు వరకు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు కన్నుల పండుగగా ఉంటాయి.

ఈ దారిని ఏటా కొన్నిసార్లు మేము వైద్య శిబిరాలకు వెళుతుంటాము. మా వ్యానులో మందులు, మైకు సెట్టు, దీపాలు, రోగులను చూసే బల్ల ఉంటాయి. పగలు పొలం పనులకు పోయినవారు సాయంకాలానికి గానీ ఇల్లు చేరరు. అందుచేత శిబిరం చీకటి పడ్డాకే జరుగుతుంది. కొండమీద గాలివాన వస్తే కరెంటు పోతుంది. దీపాలన్నీ బండి బ్యాటరీ మీదనే వెలిగిస్తే, చివరికి సెల్ఫ్ తిరగక బండి కొండమీదే నిలిచిపోగలదు. ఇలా ఊళ్లు తిరిగే బండి ఉన్నవారందరికీ ఉపయోగపడునని మా బండికి రెండో బ్యాటరీ అమర్చిన విధము ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా లెక్క వేసుకున్నాము. 9 వాట్ల దీపాలు నాలుగు, నాలుగు గంటలు వెలిగితే 144 వాట్ అవర్లు. మైకు సెట్టు సగటున 60 వాట్ల చొప్పున రెండు గంటలకు 120. సెల్‌ఫోన్ల చార్జింగు, చిన్న చిన్న పరికరాలు కలిపి 150. మొత్తం 414. దీనిని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 35 ఆంపియర్ అవర్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరుగుతుంది గనుక 70 కావాలి. చలికి, వయస్సుకు బ్యాటరీ శక్తి తగ్గుతుంది. అందుకని 100 ఆంపియర్ అవర్లది తీసుకున్నాము.

ఏ రకం కొనాలన్నది తరువాతి ప్రశ్న. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీలో పలకలు పలుచనివి. క్షణంలో పెద్ద కరెంటు ఇస్తాయి గాని, గంటల తరబడి వాడకానికి ఓర్వవు. ఇళ్లలో ఇన్వర్టరుకు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ ఓర్చుకుంటుంది. అయితే బండి కుదుపులకు అందులోని ఆసిడ్ చిందవచ్చు, చార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది. మనుషులు కూర్చునే చోట అది తగదు. లిథియం బ్యాటరీ బరువులో సగం కూడా ఉండదు, ఎక్కువ కాలం వస్తుంది. కానీ ధర ఎక్కువ. పైగా సున్నా డిగ్రీలకు దిగువన దానిని చార్జి చేయరాదు. అన్నీ ఆలోచించి సీలు వేసిన ఏజీఎం రకం ఎంచుకున్నాము. దాని బరువు దాదాపు 30 కిలోలు.

ఘాటు మలుపులో ఆ బరువు కదిలితే కాళ్లు విరుగుతాయి. కనుక డ్రైవరు సీటు వెనుక, నేల మీదనే, ఇనుప చట్రంలో పెట్టి బోల్టులతో బిగించాము. రెండు బ్యాటరీల నడుమ ఒక రిలే ఉంటుంది. ఇంజను ఆడుతూ వోల్టేజి సుమారు 13.3కు చేరగానే అది రెండింటినీ కలుపుతుంది. 12.8కి తగ్గగానే విడదీస్తుంది. ఇక దీపాలు ఎంత సేపు వెలిగినా ఇంజను బ్యాటరీ చెక్కుచెదరదు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలా వాటికి ఆల్టర్నేటరు వోల్టేజి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. వాటికి రిలే చాలదు, డీసీ-డీసీ చార్జరు పెట్టించాలి.

వైరు దగ్గర పొదుపు పనికిరాదు. మేము 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాము. రెండు కొసలలోనూ, బ్యాటరీకి జానెడు లోపలే, 60 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టించాము. రెండు వైపులా కరెంటు ఉంటుంది గనుక ఒక్క ఫ్యూజు చాలదు. వైరు ఇనుపరేకును దాటే చోట రబ్బరు తొడుగు వేయకపోతే, కొండదారి కుదుపులకు తోలు ఒరిసి నిప్పు పుట్టగలదు.

ఒక జనవరి రాత్రి, శిబిరం మొదలై నాలుగు గంటలు దాటాక, రోడ్డు లేని కొండ మీది గూడెం నుండి నొప్పులు పడుతున్న ఒక తల్లిని డోలీలో మోసుకొచ్చారు. మోసిన అన్నదమ్ములు చలిలోనూ చెమటతో తడిసి ఉన్నారు. దీపాలు ఊడదీసి, బల్ల దించి, ఆమెను వ్యానులో పడుకోబెట్టాము. తాళం ఒక్కసారి తిప్పగానే ఇంజను అందుకుంది. మా శిబిరం చీకటైపోయినా ఎవరూ నొచ్చుకోలేదు. తెల్లవారేసరికి చింతపల్లి ఆసుపత్రి నుండి తల్లీబిడ్డా క్షేమమని కబురు వచ్చింది.

ప్రియ పాఠకులారా, మీ బండికి రెండో బ్యాటరీ పెట్టించదలిస్తే మొదట మీ అవసరాన్ని కాగితం మీద లెక్క వేసుకోండి. రెండు గంటల ప్రయాణంతో సగం ఖాళీ అయిన సీసపు బ్యాటరీ పూర్తిగా నిండదు. ఇంటికి వచ్చాక రాత్రంతా చార్జరు పెట్టండి. కొన్ని గంటలు వాడకుండా ఉంచి మీటరు పెట్టి చూస్తే 12.7 ఉండాలి. 12.1 చూపితే సగం అయిపోయినట్లే. నెలకొకసారి టెర్మినళ్లు తుడిచి బిగించండి. ఈ కాస్త శ్రద్ధ ఉంటే, కొండమీద ఎంత రాత్రయినా బండి కదులుతుంది.