ఇటలీ కొండల్లో రైతు పేర్చిన గోడలు



మా అబ్బాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో నేనూ మా ఇంటామె వెళ్లి వాడి దగ్గర ఇరవై రోజులుండి వచ్చాం. "ఇటలీలో ఏం చూశావయ్యా" అని అడిగిన అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. ఫోటోలు చూసి సరస్సు బాగుంది, సముద్రం బాగుంది అన్నారు. నిజమే. కానీ మన కంటికి అక్కడ కనబడేది ఇంకొకటుంది.

ముందు గార్డా సరస్సు. దాని ఒడ్డున లిమోనే అనే ఊరు. వెనక నిలువుగా కొండ, ముందు నీళ్లు. 1930ల మొదట్లో రోడ్డు పడేదాకా ఆ ఊరికి పడవ మీదో, కొండ దిగో రావాల్సిందే. మన గూడూరు వైపు నిమ్మ రైతులు చూడాల్సిన చోటు అది. మంచు పడే దేశంలో వాళ్లు వందల ఏళ్లు నిమ్మ పండించారు! కొండవాలున మెట్లుగా చదును చేసి, చలిగాలి కొట్టకుండా ఎత్తు గోడలు కట్టారు. వరసగా రాతి స్తంభాలు నిలబెట్టి పైన దూలాలు వేశారు. చలికాలం వస్తే పైన చెక్కలు పరిచి, ముందు అద్దాల తలుపులు బిగించేవాళ్లు. మరీ చలెక్కువైతే లోపల మంట పెట్టేవాళ్లు. ఎండలు మొదలయ్యాక మళ్లీ అన్నీ విప్పాలి. మనం ఎండకు పూత రాలుతుందని ఏడుస్తాం, వాళ్లది చలితో పోరు.

ఆ సాగు ఎందుకు పోయిందో వింటే మీకు కొత్తగా అనిపించదు. 19వ శతాబ్దం మధ్యలో బంక తెగులు తగిలింది. మన చెట్ల మొదళ్లలో జిగురు కారే తెగులే. బోర్డో మందు అప్పటికింకా పుట్టలేదు. 1861లో ఇటలీ ఒకే దేశమయ్యాక దక్షిణాది నిమ్మ చవగ్గా దిగింది. ఖర్చెక్కువ, రేటు తక్కువ. ఇప్పుడు చాలాచోట్ల ఉత్త స్తంభాలే మిగిలాయి. ఒక పాత తోటను మాత్రం ఊరివాళ్లు బాగుచేసి టికెట్టు పెట్టి చూపిస్తున్నారు.

తర్వాత రైల్లో సముద్రం వైపు, చింక్వే తెర్రెకు వెళ్లాం. ఆ మాటకు అయిదు నేలలని అర్థం. మాంటెరోస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే, ఇవీ ఊళ్లు. రంగురంగుల ఇళ్లు ఫోటోల్లో మీరూ చూసే ఉంటారు. 1997లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వంగా గుర్తించారు. ఆ గుర్తింపు ఇళ్లకే కాదు, ఆ వెనకున్న కొండకు కూడా. కొండంతా మెట్లు మెట్లుగా కయ్యలు, ఒక్కో కయ్యకు రాతి గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చిందే. వాన పడితే నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి, మన్ను ఆగుతుంది. అన్నీ కలిపితే వేల కిలోమీటర్ల గోడ ఉంటుందట.

అక్కడ ట్రాక్టరు తిరగదు. మేం వెళ్లినప్పుడు ద్రాక్ష కోత నడుస్తోంది. ఒంటి పట్టా మీద పాకే చిన్న మోటారు బండిలో గంపలు పెట్టి కొండ మీద నుంచి దించుతున్నారు. అది లేనిచోట మోతే గతి.

పిల్లలు పట్నాలకు పోయారు, చాలా కయ్యలు బీడు పడ్డాయి. గోడలో ఒక రాయి జారితే పెట్టేవాడు లేడు. 2011 అక్టోబరు 25న కుండపోత కురిసింది. కొండ జారి వెర్నాజ్జా, మాంటెరోస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. అంత వానకు ఏదైనా జారుతుంది, కాదనను. కానీ తర్వాత పరిశీలించిన వాళ్లు తేల్చిందేమంటే, సాగు మానేసిన మెట్లే ఎక్కువగా జారాయని.

వెర్నాజ్జా పైన దారిలో మా వాడు మెల్లగా కదిపాడు. "నాన్నా, ఇంకెన్నాళ్లు కష్టపడతారు, తోట ఎవరికైనా ఇచ్చేసి మా దగ్గరికి వచ్చేయండి" అని. మా ఎదురుగా రెండు కయ్యలున్నాయి. పైది బీడు, ముళ్లపొదలు. కిందది శుభ్రంగా ఉంది, కాయ వేలాడుతోంది. పై గోడ కడుపు ఉబ్బి ఉంది. "అది కూలితే ఎవరి మీద పడుతుందిరా" అన్నా. వాడేం మాట్లాడలేదు.

మన దగ్గరా అంతే కదండీ. పక్క తోట వదిలేస్తే దాని తెగులు మనకొస్తుంది. కాలవ పూడిక ఒకడు తీయకపోతే కిందివాళ్లందరికీ నీళ్లుండవు. వాడికి జీతం ఉంది, సుఖం ఉంది, వాడిదీ తప్పనలేను. వెనక్కి రమ్మని అడిగే ధైర్యం నాకూ లేదు.

ఈ వారం పాదులు సరిచేయించి మొదళ్లకు బోర్డో పేస్టు పూయిస్తున్నా. సంక్రాంతికి వస్తానన్నాడు. తోటలో కూర్చుని మళ్లీ మాట్లాడుకోవాలి.